ఫిల్ములో కనిపించని జబ్బు



ఓ మధ్యాహ్నం ఓపీ ముగిసే వేళకు ఒక రైతు నా గదిలోకి వచ్చాడు. ఆదోని అవతల, కౌతాళం వైపు పల్లె. చంకలో పెద్ద కవరు, దాంట్లో మెదడు స్కానింగ్ ఫిల్ము. వెనకాల భార్య, ఆమె వెనకాల 19 ఏళ్ల కొడుకు. పిల్లవాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. తండ్రి కూర్చోమన్నా కూర్చోలేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయి, ఫిల్మును వెలుతురుకు పట్టి, ‘సార్, నాలుగు పొట్టేళ్లు అమ్మి తీపిచ్చినా. రోగం యాడుందో సూపియ్యండి’ అన్నాడు.

నేను ఫిల్ము చూశాను, రిపోర్టు చదివాను. అంతా మామూలుగానే ఉందని రాసి ఉంది. అదే చెప్పాను. ఆయన ముఖంలో సంతోషం కనిపించలేదు. ‘మామూలుగా ఉంటే వీడు రాత్రిళ్లు నిద్దర ఎందుకు పోడు సార్? అన్నంలో మందు కలిపినామని ఎందుకంటాడు? వాళ్లమ్మ పెట్టిన సంగటి ముద్ద ఎందుకు ముట్టడు?’ అన్నాడు. ఆ తల్లి అప్పటిదాకా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆ చివరి మాటకు ఏడ్చేసింది.

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ తండ్రి ప్రశ్నకు జవాబే. ఆ రోజు ఓపీలో ఆయనకు పది నిమిషాల్లో చెప్పగలిగింది చాలా తక్కువ. మీకు కాస్త తీరిగ్గా చెబుతాను.

ఈ జబ్బును డాక్టర్లు సైకోసిస్ అంటారు. మన ఊళ్లలో దీనికి చాలా పేర్లున్నాయి. గాలి సోకింది అంటారు, చేతబడి చేశారంటారు, మతి చలించిందంటారు, కొందరు కటువుగా తిక్క పట్టిందని అనేస్తారు. ఎక్కువగా 15 నుంచి 30 ఏళ్ల లోపు మొదలవుతుంది. ఇంటర్ చదివే పిల్లలు, డిగ్రీ పిల్లలు, కొత్తగా పెళ్లయినవాళ్లు, కొత్తగా పనికి పోయినవాళ్లు. మొదట్లో జబ్బులాగే ఉండదు. నిద్ర తలకిందులవుతుంది. స్నేహితులతో మాటలు తగ్గుతాయి. స్నానం మానేస్తాడు. చదువు జారిపోతుంది. వయసు పొగరనుకుంటాం, ప్రేమ వ్యవహారమనుకుంటాం. తర్వాత ఒకరోజు ఎవరూ లేని చోట గొంతులు వినిపిస్తున్నాయంటాడు. వీధిలో ఇద్దరు నవ్వితే తనను చూసే నవ్వారంటాడు. టీవీలో వార్తలు చదివే మనిషి తనకే ఏదో సైగ చేస్తున్నాడంటాడు. భారతీయ మూలాలున్న మానసిక వైద్యుడు శితిజ్ కపూర్ 2003లో దీన్ని చక్కగా వివరించాడు. మెదడులో డోపమిన్ అనే రసాయనం అదుపు తప్పితే, ఏ అర్థమూ లేని వాటికి కూడా గొప్ప అర్థం ఉన్నట్టు తోస్తుందన్నాడు. దారిన పోయే బండి హారన్ కూడా తనకోసమే మోగినట్టుంటుంది. ఆ అనుభవానికి కారణం వెతుక్కుంటూ పోయి ఆ మనిషి చేరుకునే చోటే అనుమానం. అందుకే ‘అట్లా ఏం లేదురా’ అని ఎంత చెప్పినా అతనికి ఎక్కదు. అబద్ధం చెప్పేది అతని మెదడు, అది తన మెదడేనాయె, నమ్మక ఏం చేస్తాడు?

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మన రాష్ట్రం ఆ పన్నెండింటిలో లేదు గాని, ఆ లెక్క మనకూ దగ్గరగానే ఉంటుందనుకోవచ్చు. వెయ్యిమంది పెద్దవాళ్లలో 14 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి తీవ్రమైన జబ్బు వచ్చినట్టు తేలింది. అంటే మీ ఊళ్లోనూ ఉన్నారు. మీకు తెలిసే ఉంటుంది, ఏ ఇంటి వెనక గదిలో ఎవరున్నారో.

ఇప్పుడు ఫిల్ము సంగతి.

కర్నూలు, కడపవాళ్లకు కేసీ కాలువ గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లను పట్టుకుని కడపదాకా తెచ్చే కాలువ. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. ఆకాశం నుంచి ఆ కాలువను ఫొటో తీశారనుకోండి. గట్టు ఎక్కడైనా తెగితే తెలుస్తుంది. కొండరాయి అడ్డంపడితే తెలుస్తుంది. అంతా సక్రమంగా ఉంటే, ‘కాలువ బాగుంది’ అని రాస్తారు. కాని చాపాడు దగ్గర చివరి మడి రైతు నీళ్లు రాలేదని మొత్తుకుంటాడు. ఆయన చెప్పేదీ నిజమే. ఎక్కడో తూము సరిగా మూయలేదు, ఎక్కడో పూడిక చేరింది, ఎక్కడో రావాల్సిన వంతు రాలేదు. ఫొటోలో అవేవీ పడవు.

మెదడూ అంతే. సుమారు 8,600 కోట్ల నాడీకణాలు, వాటి మధ్య లెక్కకు అందని కాలువలు. ఆసుపత్రిలో తీసే స్కాన్ గట్టు తెగిందా, రాయి పడిందా అని చూస్తుంది. అంటే గడ్డ ఉందా, రక్తస్రావం జరిగిందా, పురుగు తిత్తి ఉందా, వాపు ఉందా అని. అవి లేకపోతే నార్మల్ అని రాస్తారు. ఆ రాసిన డాక్టరు తప్పు రాయలేదు, ఆ తండ్రీ తప్పు చెప్పలేదు.

ఇక్కడే ఒక మాట. స్కాన్ అసలు వద్దని నేననడం లేదు. మనిషి మారిపోవడంతో పాటు ఫిట్స్ వచ్చినా, జ్వరం ఉన్నా, తలకు దెబ్బ తగిలి ఉన్నా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, విపరీతమైన తలనొప్పి, వాంతులు ఉన్నా, లేదా ఎన్నడూ లేనిది యాభై దాటాక మొదటిసారి ఇట్లా అయినా స్కాన్ తప్పనిసరి. అవి లేనప్పుడు కూడా మొదటిసారి జబ్బు చేస్తే డాక్టరు జాగ్రత్తకోసం ఒకసారి తీయించవచ్చు. కాని స్కాన్‌లో సైకోసిస్ కనిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మి పొట్టేళ్లు అమ్ముకోవద్దు.

మరి మెదడులో తేడాలే లేవా అంటే, ఉన్నాయి. ఆ సంగతి బయటపడ్డ కథ ప్రతి తల్లికీ తెలియాలని నా కోరిక. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అమెరికాలో పెద్ద పెద్ద వైద్యులే ఈ జబ్బుకు కారణం తల్లి పెంపకమని చెప్పారు. మనసులో ప్రేమలేని తల్లి బిడ్డకు మతి తప్పిస్తుందని 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే ఆవిడ దానికొక పేరు కూడా పెట్టారు. ఎంతమంది తల్లులు ఆ నిందను తలమీద మోసుకుని చచ్చిపోయారో! తర్వాత సీటీ స్కాన్ వచ్చింది. 1976లో లండన్ శివార్లలోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో, వాళ్ల బృందం ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోయిన 17 మంది రోగుల మెదళ్లను స్కాన్ తీసి, ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చారు. మెదడు నడిమధ్యలో నీరు నిండిన గదులుంటాయి. వాటిని జఠరికలంటారు. రోగుల్లో ఆ గదులు పెద్దవిగా కనిపించాయి. చుట్టూ ఉండాల్సిన మెదడు పదార్థం తగ్గితే ఆ చోటును నీరు ఆక్రమిస్తుంది. పదిహేడు మందే. చిన్న పరిశోధన. కాని ఆ రోజుతో ఇది శరీరంలోని జబ్బని కంటితో చూసినట్టయింది. తల్లి ఒడిలోంచి ఆ నింద దిగిపోయింది. మన ఊళ్లలో మాత్రం ఇంకా పూర్తిగా దిగలేదు. ‘నువ్వు గారాబం చేసి చెడగొట్టినావు’ అనే అత్తలను, ‘నీ పుట్టింటి రక్తం’ అనే భర్తలను నేను ఇప్పటికీ చూస్తున్నాను. అలా అనేవారు వింటుంటే, దయచేసి ఆ మాట ఈ రోజునుంచి మానండి.

ఆ 17 మందీ ఏళ్లకేళ్లు మందులు వాడినవారు, ఆసుపత్రుల్లో మగ్గినవారు. ఆ తేడా జబ్బుదా, మందులదా, ఆ బతుకుదా అని అనుమానం రావడం సహజం. అందుకే తర్వాతి పరిశోధకులు జబ్బు మొదటిసారి బయటపడ్డవారిమీద దృష్టి పెట్టారు. 2006లో అలాంటి 52 పరిశోధనలను, అంటే 1,424 మంది రోగుల కొలతలను ఒకచోట చేర్చి చూశారు. మొదటి దశలోనే మొత్తం మెదడు పరిమాణం కొద్దిగా తక్కువగా, నీటి గదులు కొద్దిగా పెద్దవిగా, హిప్పోకాంపస్ అనే భాగం కొద్దిగా చిన్నదిగా ఉన్నట్టు తేలింది. హిప్పోకాంపస్ చెవుల పక్కన, మెదడు లోపలికి ఉంటుంది. జ్ఞాపకాన్ని కుదురుగా దాచిపెట్టేది అదే. 2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 4,474 మంది రోగులను, 5,098 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. మెదడు పైపొర మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు, అంటే మన కడప బండల్లో పలచటి పెచ్చు పాటి కూడా ఉండదు. ఆ పొర రోగుల్లో కొంచెం పలచబడినట్టు, ముఖ్యంగా నుదుటి వెనక, కణతల పక్కన పలచబడినట్టు కనిపించింది.

మన దగ్గరి పరిశోధన కూడా ఒకటి చెప్పాలి. మద్రాసులో శారదా మీనన్ గారు 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థకు చెందిన ఆర్. తారా, పద్మావతి గార్లు విదేశీ వైద్యులతో కలిసి, ఎన్నడూ మందు ముట్టని రోగుల మెదళ్లను ఎమ్మారై తీసి 2002లో ప్రచురించారు. నిమ్హాన్స్‌లో గణేశన్ వెంకటసుబ్రమణియన్ బృందం కూడా మందు వాడని రోగులమీద ఎంతో పనిచేసింది. పశ్చిమ దేశాల్లో మందు ముట్టని రోగి దొరకడం కష్టం. మనకు సులభంగా దొరుకుతారు. పదేళ్లు, పదిహేనేళ్లు జబ్బుతో ఉండి ఒక్క మాత్ర ఎరుగని మనుషులు మన పల్లెల్లో ఉన్నారు. విజ్ఞానానికి అది ఉపయోగపడింది నిజమే, ఆ పరిశోధన చదివినప్పుడల్లా నాకు మాత్రం గుండె బరువెక్కుతుంది.

ఇక అసలు చిక్కు. ఇన్ని తేడాలుంటే ఆ పిల్లవాడి ఫిల్ములో ఎందుకు కనిపించలేదు?

పత్తికొండ పొలంలో పండిన శెనక్కాయలు ఒక మూట, పులివెందుల పొలంలో పండినవి ఒక మూట తెచ్చుకోండి. ఒక్కో మూటలోంచి వెయ్యి కాయలు ఒలిచి గింజలు తూకం వేయండి. ఒక మూట సగటున రవ్వంత ఎక్కువ బరువు తూగింది. తేడా నిజమే, మళ్లీ మళ్లీ తూచినా వస్తుంది. ఇప్పుడు ఆ రెండు మూటలూ కలిపేసి, ఒక్క కాయ మీ అరచేతిలో పెట్టి ఇది ఏ ఊరిదో చెప్పమంటే చెప్పగలరా? ఆ మూటలోనూ పెద్ద గింజలున్నాయి, ఈ మూటలోనూ చిన్న గింజలున్నాయి. హిప్పోకాంపస్ కొలతల్లో రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య కనిపించిన తేడా ఎంతంటే, రెండు గుంపుల కొలతలూ నూటికి 80 పాళ్లు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. చిన్న హిప్పోకాంపస్‌తో చక్కగా సేద్యం చేసుకునేవారు, పాఠాలు చెప్పేవారు, ఈ రేడియో వినేవారు లక్షలమంది. పెద్ద హిప్పోకాంపస్ ఉండీ గొంతులు వినేవారున్నారు. ఈ తేడా వేలమందిని కలిపి తూచినప్పుడు మాత్రమే కనిపించే తేడా. ఒక్క మనిషిని పట్టి చూపించే తేడా కాదు.

దానికి తోడు కొలిచే తూకపురాయి కూడా మనది కాదు. మెదడు కొలతలకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే నమూనా మాంట్రియల్‌లో తయారైంది, అక్కడివాళ్ల మెదళ్ల సగటు. 2019లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి గారి బృందం 50 మంది మగవాళ్లు, 50 మంది ఆడవాళ్లు, మొత్తం 100 మంది భారతీయుల మెదళ్లతో మన నమూనా తయారుచేసింది. సగటున మన మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు పాశ్చాత్య నమూనాకన్నా కొంత తక్కువని తేలింది. తెలివికీ దీనికీ ఏ సంబంధం లేదు, చెప్పులు కుట్టేవాడికి పాదం కొలత ఎట్లాగో ఇదీ అంతే. కాని ఆ కొలత తెలియకుండా కడప పిల్లవాడి మెదడును మాంట్రియల్ నమూనామీద పెడితే లేని జబ్బు కూడా ఉన్నట్టు కనిపించదా? మన సీమలోనే మదనపల్లె పక్కన రిషి వ్యాలీ కూడా ఒక కేంద్రంగా, 6 నుంచి 23 ఏళ్ల పిల్లలూ యువకులూ ఎలా ఎదుగుతారో, వాళ్ల మనసూ మెదడూ ఎలా మారతాయో చూసే పెద్ద అధ్యయనం నిమ్హాన్స్ ఆధ్వర్యంలో మొదలైంది. పది వేలమందిని చేర్చుకోవాలని దాని లక్ష్యం. మన పిల్లల సొంత కొలతలు అలాంటి పనులనుంచే రావాలి.

ఈ తేడాలు ఎప్పుడు మొదలవుతాయి? 2003లో మెల్‌బోర్న్‌లో క్రిస్టోస్ పాంటెలిస్ బృందం, జబ్బు ఇంకా బయటపడని, కాని వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 75 మందిని స్కాన్ తీసి గమనించింది. వారిలో 23 మందికి తర్వాత జబ్బు వచ్చింది. వాళ్ల మెదడులో కొన్ని భాగాలు జబ్బుకు ముందే కొంచెం తక్కువగా ఉన్నాయి, జబ్బు వస్తున్న కాలంలో ఇంకొంచెం తగ్గాయి. నేను ఇక్కడ మిగిలిన 52 మందిని కూడా లెక్కపెడతాను. ప్రమాదం ఉందన్నవారిలో ఎక్కువమందికి జబ్బు రాలేదు. నుదుట రాసిపెట్టినట్టు ఏదీ లేదు.

పత్తి రైతులకు ఈ ముక్క తేలిగ్గా అర్థమవుతుంది. గుంతకు రెండు మూడు గింజలేస్తాం. అన్నీ మొలుస్తాయి. బలంగా ఉన్న ఒక్క మొక్కను ఉంచి మిగిలినవి పీకేస్తాం. పీకకపోతే చేను ఎదగదు. మెదడు కూడా చిన్నతనంలో అవసరానికి మించి కణాల మధ్య లంకెలు పెట్టుకుంటుంది. పన్నెండేళ్ల తర్వాత, యవ్వనంలో, వాడని లంకెలను ఏరి తీసేస్తుంది. ఆ ఏరివేత మితిమీరితే ఈ జబ్బు వస్తుందేమోనని 1982లో ఇర్విన్ ఫైన్‌బర్గ్ ఊహించాడు. 2016లో హార్వర్డ్‌లో స్టీవెన్ మెకారల్, బెత్ స్టీవెన్స్ బృందం సీ4 అనే జన్యువుకు ఆ ఏరివేతతో సంబంధం ఉందని, దాని కొన్ని రూపాలు ఉన్నవారిలో ఈ జబ్బు ముప్పు కాస్త ఎక్కువని చూపించింది. కలుపు తీసే చెయ్యి పైరును కూడా లాగేస్తున్నట్టు. జబ్బు సరిగ్గా ఈడు వచ్చిన పిల్లలకే ఎందుకు వస్తుందో, ఆ 19 ఏళ్ల వయసులో ఏం జరుగుతోందో దీంతో కొంత తెలుస్తుంది.

జన్యువు ఒక్కటే కాదు. మన జేజినాయనలు ధాత కరువు గురించి చెబుతుంటే మనం విన్నాం. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. ఆకలి పోయాక కూడా దాని గుర్తు పుట్టబోయే బిడ్డ మెదడులో మిగులుతుందని వైద్యానికి తెలిసింది చాలా ఆలస్యంగా. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల హాలండ్‌లో కరువు వచ్చింది. ఆ కరువు తీవ్రంగా ఉన్నప్పుడు తల్లి కడుపున పడ్డ బిడ్డల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా, అంటే సైకోసిస్ జబ్బుల్లో ముఖ్యమైనది, సుమారు రెండింతలు కనిపించింది. 1959-61 చైనా కరువులో కడుపున పడ్డవారిలోనూ అంతే. మన సీమలో ఎవరూ ఆ లెక్క తీయలేదు. కాని కడుపుతో ఉన్న తల్లి పళ్లెంలో ఏముందన్నది ఆమెకొక్కదానికీ సంబంధించిన విషయం కాదని ఈ కరువుసీమలో పుట్టిన నాకు బాగా అర్థమవుతుంది.

వలస సంగతి కూడా ఉంది. 1932లోనే ఓడెగార్డ్ అనే నార్వే వైద్యుడు అమెరికాలోని మిన్నెసోటాకు వలస పోయిన తన దేశస్థుల్లో, స్వదేశంలో ఉన్నవారికన్నా ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరేవారు రెండింతలని చూపించాడు. తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే తేలింది. మన కోసిగి, మంత్రాలయం వైపు సగం ఊళ్లు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతాయి. రాయచోటి, కడప ఇళ్లనుంచి కువైట్‌కు పోతారు. పోవద్దని నేనెట్లా అంటాను? కువైట్‌నుంచి మధ్యలోనే తిరిగొచ్చి, గదిలోంచి బయటికి రాని కొడుకును చూసి ‘డబ్బు పోగొట్టుకుని దిగులు పడ్డాడు’ అని వదిలేయకండి, ఒకసారి డాక్టరుకు చూపించండి. గంజాయి గురించి ఒక్క మాటే. రోజూ ఘాటైన గంజాయి తాగేవారికి ఈ జబ్బు ముప్పు సుమారు ఐదింతలని 2019లో యూరప్ నగరాల్లో చేసిన అధ్యయనం చెప్పింది.

మందుల గురించి నిజాయితీగా మాట్లాడాలి. మెదడు పరిమాణం తగ్గడంలో మందులకూ కొంత పాత్ర ఉందా అని అయోవా విశ్వవిద్యాలయంలో నాన్సీ ఆండ్రియాసన్ బృందం 211 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించి 2011లో అవునేమోనన్నది. ఎక్కువ మోతాదు వాడినవారిలో తగ్గుదల కొంచెం ఎక్కువగా ఉంది. దీన్ని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. దీనర్థం మందు మానేయమని కాదు. ఎంత తక్కువ మోతాదుతో మనిషి నిలకడగా ఉంటాడో అంతే ఇవ్వాలని, మోతాదు మార్చేది డాక్టరే గాని మనం కాదని. ఎందుకంటే మందు ఆపేసి జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ మనిషి వెనకటి స్థితికి రావడం ఇంకొంచెం కష్టమవుతుంది. అది నేను నా కళ్లతో చూశాను, లెక్కలేనన్ని సార్లు.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కాలం. ఆ పిల్లవాడిని నా దగ్గరికి తేవడానికి 14 నెలలు పట్టింది. మొదట ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నారు. తర్వాత అంత్రం కట్టించారు. తర్వాత ఊళ్లో ఆర్ఎంపీ సూదులు వేశాడు. తర్వాత స్కాన్. ఆ తర్వాత నేను. జబ్బు మొదలైననాటినుంచి మందు పడేదాకా గడిచే ఆ కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుంది. ఇది ఎన్నో దేశాల్లో తేలిన నిజం. స్కాన్ చూపించే తేడాను మనం మార్చలేం. ఈ 14 నెలలను మాత్రం 14 రోజులు చేయగలం.

దేవుడి దగ్గరికి పోవద్దని చెప్పడానికి నేనెవరిని? కడప పెద్ద దర్గాకు కులం మతం లేకుండా జనం పోతారు. గుజరాత్‌లో ఉనావా అనే ఊళ్లో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ దర్గా ముజావర్లూ మానసిక వైద్యులూ కలిసి దవా-దువా అనే పద్ధతి పెట్టుకున్నారు. ముజావరు దువా చేసి, పక్కనే ఉన్న డాక్టరు దగ్గరికి పంపిస్తాడు. మన దర్గాల్లో, మన ఆంజనేయస్వామి గుళ్లలో కూడా అట్లా ఎందుకు జరగకూడదు? వింటున్న పూజారులూ ముజావర్లూ ఆలోచించండి. మీ మాట మా మాటకన్నా ముందు చెవికెక్కుతుంది.

గొలుసులు మాత్రం వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దగ్గర ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. కదలలేక చనిపోయారు. ఆ తర్వాత 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. కొట్టంలో కట్టేసిన బిడ్డ ఉన్న ఇంట్లో ఎవరైనా ఇది వింటుంటే, నేను మిమ్మల్ని నిందించడం లేదు. దిక్కుతోచక కట్టారు. ఇప్పుడు దిక్కు ఉంది.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక చరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు మనతో కలిసి దత్త మండలాల్లో ఉన్న బళ్లారి జిల్లాలోనే 1980లలో నిమ్హాన్స్ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మామూలు డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, మానసిక జబ్బులకు ఊరి దగ్గరే మందు అందేట్టు చూశారు. దాన్నే నమూనాగా తీసుకుని 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మొదటి నాలుగు జిల్లాల్లో అప్పుడు మన రాష్ట్రంలోనే ఉన్న మెదక్ ఒకటి. ఆదోని, ఆలూరు వాళ్లకు కూతవేటు దూరంలో పుట్టిన పద్ధతి దేశమంతా పాకింది. రాత్రి బస్సెక్కి బెంగళూరు నిమ్హాన్స్‌కు పోయేవారు పోతారు, పోవచ్చు. కాని కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మొదటి వారంలో అక్కడికి రండి.

ఇంకొక సంగతి చెప్పకపోతే మనసు ఊరుకోదు. స్కార్ఫ్ వాళ్లూ కెనడాలోని మాంట్రియల్ వైద్యులూ కలిసి, మొదటిసారి జబ్బు చేసినవారిని రెండు నగరాల్లోనూ ఒకే పద్ధతిలో రెండేళ్లు చూశారు. చెన్నైలో 168 మంది, మాంట్రియల్‌లో 165 మంది. డబ్బు, వసతులు అన్నీ మాంట్రియల్ వాళ్లకే ఎక్కువ. అయినా మనిషి ముభావంగా ముడుచుకుపోవడం, ఆసక్తి చచ్చిపోవడం లాంటి లక్షణాలు చెన్నైలోనే ఎక్కువగా తగ్గాయి. అక్కడ కుటుంబాలు రోగితో కూడా వచ్చాయి, చికిత్సలో పాలుపంచుకున్నాయి. నేను ఆ కాగితం చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ ఆ తల్లి.

ఆ పిల్లవాడు మందు మొదలుపెట్టిన మూడో వారానికి నిద్రపోయాడు. రెండో నెలలో వాళ్లమ్మ చేతి ముద్ద తిన్నాడు. ఏడో నెలలో, బాగైపోయానని తనంతట తానే మాత్రలు ఆపేశాడు. గొంతులు మళ్లీ వచ్చాయి. ఈసారి తండ్రి ఫిల్ము కోసం పోలేదు. మూడోరోజే బస్సెక్కించి తీసుకొచ్చాడు. ఇప్పుడు డిగ్రీ మళ్లీ మొదలుపెట్టలేదు గాని, పత్తి తీతలప్పుడు లెక్కలు అతనే రాస్తాడట. అప్పుడప్పుడు గొంతులు సన్నగా వినిపిస్తాయి, ‘పట్టించుకోను సార్’ అంటాడు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు స్కాన్ లేకపోయినా ఫరవాలేదు. అంతకుముందు వాడిన మందుల చీటీ ఉంటే తీసుకురండి. నిద్ర ఎప్పటినుంచి చెడిందో, మొదటి అనుమానం మాట ఎప్పుడన్నాడో గుర్తున్నవాళ్లు, అంటే ఎక్కువగా తల్లి, తప్పకుండా వెంట రావాలి. ఆమె చెప్పేదే మాకు అన్ని ఫిల్ములకన్నా ఎక్కువ చూపిస్తుంది. వెంటనే రాలేకపోతే, పెన్ను దగ్గరుంటే రాసుకోండి, టెలి మానస్ నంబరు 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. 2022 అక్టోబరు 10న దేశమంతటా మొదలైన సేవ. ఫోన్ కాల్‌కు డబ్బు పడదు. తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పకపోయినా మాట్లాడతారు. ‘మావాడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదండీ’ అన్న ఒక్క మాటతో మొదలుపెట్టండి, మిగతాది వాళ్లే అడుగుతారు.